ఆగిన ప్రతి మిషనూ చచ్చినట్టు కాదు

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో ఈమధ్య ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. "డిష్‌వాషర్ సగంలో ఆగిపోయింది, ఏం చేయాలి?" జవాబులు రెండే రకాలు. "బోర్డు పోయింది, మార్చండి" అని కొందరు. "మన జిడ్డు మూకుళ్లకు అది పనికిరాదు, అమ్మేయండి" అని మరికొందరు. ఈ రెండు మాటలతోనూ మాకు పేచీ ఉంది.

మేము రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాళ్లం. ఔటర్ సిగ్నల్ దగ్గర బండి ఆగితే ఇంజను మార్చమని ఎవరూ అనరు. సిగ్నల్ ఎందుకు ఇవ్వలేదో ముందు కనుక్కుంటారు. ఈ మిషనూ అంతే. నీళ్లు రాకపోతే ఆగుతుంది, మురుగు పోకపోతే ఆగుతుంది, తలుపు సరిగ్గా పడకపోతే ఆగుతుంది, అడుగున కారితే ఆగుతుంది. చాలాసార్లు ఆ ఆగడమే దానికి పెట్టిన కాపలా.

మన బీదర్ ఇళ్లలో మొదట అనుమానించాల్సింది నీళ్లనే. డాబా మీద ట్యాంకు, దాని కిందే వంటిల్లు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే నీటికి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మూడు మీటర్లయితే 0.3 బార్ మాత్రమే. చాలా మోడళ్లకు కావాల్సిన కనీస ఒత్తిడి ఇంచుమించు అక్కడే ఉంటుంది. పైపు బిగించే చోట చిన్న జాలీలో ఇసుక, సున్నం చేరితే ఇక చెప్పేదేముంది?

కాబట్టి వరస ఇది. ముందు ప్లగ్గు తీయండి, కొళాయి కట్టేయండి. పైపు విప్పి జాలీని పాత బ్రష్షుతో కడగండి. కొళాయిని బకెట్లోకి తిప్పి ధార ఎలా ఉందో చూడండి. మిషను లోపల అడుగున ఉన్న ఫిల్టరు తీసి మెతుకులు, కరివేపాకు, పోపు గింజలు కడిగేయండి. మురుగు పైపు ఎక్కడైనా మెలిపడిందా, ఏ గరిటె కాడైనా తలుపుకు అడ్డం పడుతోందా చూడండి. చేత్తో తోమేటప్పుడు వాడే లిక్విడ్ అందులో పోయకండి. నురగ పొంగి అడుగు పళ్లెంలోకి దిగితే, నీళ్లు కారుతున్నాయనుకుని మిషను ఆగిపోతుంది. ఉప్పు గదిలో దానికని అమ్మే ఉప్పే వేయండి, కూరలో వేసే మెత్తటి ఉప్పు వద్దు. బోరు నీళ్ల సున్నాన్ని ఆపేది ఆ ఉప్పుతో నడిచే భాగమే. కరెంటు పోయి వస్తే తొందరపడకండి, చాలా మోడళ్లు ఆగిన చోటునుంచే మొదలెడతాయి.

ఇంత చేసినా ఆగితే అప్పుడు మెకానిక్కును పిలవండి. లోపలి వైర్ల జోలికి మనం పోకూడదు.

ఇది అరగంట పని. మా వీధిలో ఒక ఇంట్లో మాత్రం ఫిల్టరైనా తీసి చూడకుండా, బోర్డు మార్చాలని చీటీ రాసిచ్చి వెళ్లారు. జాలీ కడిగితే మిషను నడిచింది. చూడకుండానే రాసిన చీటీని ఏమనాలి?

ఇంకొకటి. మిషను మీద ఒక అక్షరం, ఒక అంకె వెలుగుతాయి. ఎందుకు ఆగిందో చెప్పేవి అవే. మేము చూసిన పుస్తకాల్లో వాటి అర్థం ఇంగ్లీషులోనే ఉంది. మేము తమిళ మీడియంలో చదివిన తెలుగువాళ్లం, ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయితే ఎంత ఇబ్బందో మాకు తెలుసు. కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు కలిసి బతికే ఊరు మనది. స్టేషను పేరు మూడు భాషల్లో రాసే దేశంలో, వేలు పోసి కొన్న వస్తువు తన బాధ ఒక్క భాషలోనే చెప్పుకోవాలా?

మన నౌబాద్ కరేజ్ చూడండి. బహమనీల కాలంలో, 15వ శతాబ్దంలో, భూమి లోపల తవ్విన నీటి దారి. మధ్యమధ్య పైకి బావుల్లా దారులు వదిలారు, గాలి ఆడటానికి, మనిషి దిగి పూడిక తీయడానికి. కట్టినవాడే బాగుచేసుకునే దారి కూడా చూపించాడు. ఆ బుద్ధి నేటి కంపెనీలకు ఎందుకు లేదు?

ఇక "అమ్మేయండి" అన్న పెద్దమనుషులకు ఒక మాట. అది ఆడవాళ్ల బద్ధకం కోసం వచ్చిన మిషను అని ఒకాయన రాశారు. అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ 1886లో దానికి పేటెంటు తీసుకుంది. మిషను ఆగిన రోజు సింకు దగ్గరికి తిరిగి వెళ్లేది ఎవరు? మీరైతే అమ్మేయండి. కాకపోతే ఆ నిర్ణయం తోమే చేతులకు వదిలేయండి.

అక్కలారా, అన్నలారా, ఎవరైనా పార్టు మార్చాలంటే ఏం పరీక్షించారో రాసివ్వమనండి. మార్చిన పాత పార్టు అడగండి. 2019 వినియోగదారుల చట్టం మనకుంది, 1915 హెల్ప్‌లైన్ ఉంది. కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ కూడా తెరిచింది. పై వరసను కన్నడంలో, తెలుగులో ఒక్క పేజీగా అచ్చువేసి ఇంటింటికీ ఇవ్వాలని వచ్చే సమావేశంలో సంఘాన్ని అడుగుతాం. వద్దనేవాళ్లు కారణం చెప్పాలి.