పట్టుకునేది వదిలెయ్యటానికా?

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. చేపల ఊసే గిట్టని మిత్రులు కొందరు ఇటు వస్తుంటారని తెలుసు. వారు ఈ ఒక్క టపాను దాటవేసినా నొచ్చుకోను. అయితే ఇది పులుసు గురించిన టపా కాదు. తినడానికి కాక, వదిలివేయడానికే చేపను పట్టే ఒక వ్యసనం గురించి. ఆ వ్యసనపరుల్లో నేనూ ఒకణ్ణి కనుక, ఇందులో ఎవరినైనా నిందిస్తున్నట్టు కనిపిస్తే ముందు నన్ను నేనే నిందించుకుంటున్నానని గ్రహించగలరు.

మాది అమరావతి. ఈ మాట అనగానే ఇప్పుడందరూ రాజధాని గురించి అడుగుతున్నారు. నేను చెప్పేది అమరేశ్వరుడి గుడి, బౌద్ధస్తూపం ఉన్న పాత ఊరు. నా చిన్నతనంలో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. మాకు కొంత పత్తి, కొంత మిరప. పత్తి తీతలకూ మిరప కోతలకూ నడుమ ఊపిరి పీల్చుకునే నాలుగు సాయంత్రాలు దొరికితే నాన్న గాలం తీసుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్ళేవాడు. వెనుక నేను, ఎర్రల డబ్బా పట్టుకుని. పశువుల పాక వెనుక పేడకుప్ప పక్కన తడిమట్టి తవ్వి ఆ ఎర్రలను ఏరడం నా పని.

ఆ గాలంలో కొనుక్కున్నవి రెండే: నైలాను దారం, కొక్కెం. కర్ర వెదురుది. బెండు జీలుగుది. బరువుకు ఒక సీసపు పలుకు. కానీ ఆ బెండును చూసి నాన్న చదివే చదువు మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. బెండు టకటకా కొట్టుకుంటే పరిగెలు, వదిలెయ్యి. ఒక పక్కకు నింపాదిగా జరిగిపోతుంటే జెల్ల, లాగు. ఉన్నట్టుండి మునిగితే, దేవుడి దయ. చలికాలంలో చేప బద్ధకిస్తుందనీ, ఎరను వెతుక్కుంటూ రాదు కనుక ఎరనే దాని మూతి దగ్గరికి పంపాలనీ ఆయనే చెప్పాడు. నాలుగు జెల్లలు పడితే చాలు, గాలం చుట్టేసేవాడు. ఐదోది పడేట్టు ఉన్నా సరే. 'ఇంట్లో మనుషులెంతమందిరా?' అనేవాడు.

తెలుగులో గాలం వెయ్యడమంటే మోసగించడమనే అర్థం స్థిరపడిపోయింది. ఎర చూపడమూ అంతే. ఇంత ఓపికా పరిశీలనా ఉన్న విద్యకు మన భాష ఇచ్చిన బిరుదు అది! అన్యాయమని చాలాకాలం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

బతుకుతెరువు నన్ను కొలరాడోలోని డెన్వర్‌కు తెచ్చింది. ఊరికి నైరుతి దిక్కున, కొండల్లో, సౌత్ ప్లాట్ నది మీద చీజ్‌మన్ ఆనకట్ట ఉంది. 1905లో పూర్తయింది, డెన్వర్ తాగునీటి కోసం కట్టారు. నీటికి 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర సాంద్రత అత్యధికం కనుక చలికాలంలో ఆ నీరు జలాశయం అడుగుకు చేరుతుంది. అడుగు నుంచి వదిలే నీరు కాబట్టి చుట్టూ కొండలన్నీ మంచుతో కప్పబడినా ఆనకట్ట దిగువన నది గడ్డకట్టకుండా పారుతూనే ఉంటుంది. అందుకే అక్కడ జనవరిలోనూ ట్రౌట్ చేపలను పట్టవచ్చు.

ట్రౌట్ అప్పుడు తినేది ప్రధానంగా ఒక చిన్న పురుగును. ఇంగ్లీషులో మిడ్జ్ అంటారు. చూడడానికి దోమ, కానీ కుట్టదు. తెలుగులో ఏమనాలో తోచక నిఘంటువు తిరగేస్తే 'నుసుమ' కనబడింది. కళ్ళ చుట్టూ ముసిరే చిన్న ఈగ అది. ఈ పురుగు అదే కాదు. అయినా మాట బాగుంది, అరువు తెచ్చుకుంటున్నాను. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషం. ఈ నుసుమల కుటుంబం లేని చోటు భూమ్మీద దాదాపు లేదు. అంటార్కిటికాలో కూడా ఒక జాతి ఉంది. అడుగు బురదలో బతికే కొన్నిటి పిల్లపురుగులు మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్‌తోనే ఎర్రగా ఉంటాయి. ఆక్సిజన్ తక్కువైన చోట వాటికి అదే ఆధారం.

ఆ పురుగును అనుకరించే కృత్రిమ ఎర బియ్యపు గింజకన్నా చిన్నది. అందులో నాకు ప్రియమైనది ఈ సౌత్ ప్లాట్ మీదనే పుట్టిన బ్రాసీ. కొక్కెం మీద రాగితీగను చుట్లు చుట్లుగా చుట్టడం, మెడ దగ్గర కాస్త నలుపు, అంతే. నేను వాడే రాగితీగ అమరావతి నుంచి తెచ్చుకున్నది. మా ఇంట్లో సీలింగు ఫాను కాలిపోతే వైండింగు చేసే అతను విప్పి పడేసిన చుట్ట. వెంట్రుకలా సన్నని దారానికి ఆ రాగి గింజను కట్టి, నీళ్ళ అడుగున, చేప మూతి ముందుగా, ఎక్కడా బిగుసుకోకుండా ప్రవాహంతో పాటు పోనివ్వాలి. చేప నాలుగంగుళాలు కూడా పక్కకు జరగదు. నాన్న చెప్పిన బద్ధకమే. పైన దారానికి కట్టిన తేలుడు బొడిపె క్షణంపాటు తటపటాయిస్తుంది. అది మన జీలుగు బెండుకు అమెరికా మనవడు.

మనవరాలి పుట్టుకకు వచ్చి ఒక చలికాలం నాన్న మా దగ్గర ఉన్నాడు. ఆనకట్టకు దిగువన డెకర్స్ అనే చిన్న ఊరి దగ్గర నది రోడ్డు పక్కనే పారుతుంది. అక్కడికి తీసుకువెళ్ళాను. మంకీ క్యాపు, దానిమీద శాలువా, దానిమీద నా కోటు. రెండు గంటలు నిలబడి చూశాడు. ఎరను చూసి మెచ్చుకున్నాడు, రాగితీగ ఎక్కడిదో చెబితే నవ్వాడు. చివరికి ఒక చేప పడింది. మూరెడు ఉంటుంది, ఒంటినిండా గులాబిరంగు చార. వలలోకి తీసి, కొక్కెం విడదీసి, రెండు చేతులతో పైకెత్తి నాన్నకు చూపించి, నీళ్ళలోకి జార్చాను. అది వెళ్ళిపోయిన వైపే చూస్తూ నాన్న అడిగాడు:

"ఏంరా, ఇంతసేపు పట్టుకుంది వదిలెయ్యటానికా?"

"ఇక్కడ అంతే నాన్నా. పాపం, బతకనీ అని."

"పాపం అనుకుంటే గుచ్చటం ఎందుకూ?"

నా దగ్గర సమాధానం లేకపోలేదు. చాలా ఉన్నాయి. నాకే నచ్చినవి లేవు.

అసలు సమాధానం దయ కాదు, లెక్క. డెన్వర్ నుంచి రెండు గంటల లోపు దూరంలో ఉన్న ఆ కొద్ది మైళ్ళ నదికి ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు. తలా రెండు చేపలు ఇంటికి పట్టుకుపోతే ఆ నదిలో నీళ్ళు తప్ప ఏమీ మిగలదు. అందుకే ఆనకట్ట కింది చీజ్‌మన్ లోయలో పట్టిన ట్రౌట్‌ను తిరిగి వదలడం తప్పనిసరి. ఒక మంచి చేప ఒక్కసారి మాత్రమే పట్టబడి ముగిసిపోకూడదని 1939లోనే లీ వుల్ఫ్ తన పుస్తకంలో వాదించాడు. నిబంధనగా నేను దాన్ని నూటికి నూరుపాళ్ళూ సమర్థిస్తాను. పేచీ ఎక్కడంటే, మాలో చాలామంది దాన్ని నిబంధనగా కాక పుణ్యంగా చెప్పుకుంటారు. చేపను చంపి తినేవాడికన్నా తాము ఒక మెట్టు పైన ఉన్నామని అనుకుంటారు. నాన్నకు 'బతకనీ అని' అని జవాబిచ్చినప్పుడు నేను చేసిందీ అదే.

2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ తలభాగంలో బాధను గ్రహించే నాడీ గ్రాహకాలు ఉన్నాయని చూపించారు. పెదవుల్లోకి తేనెటీగ విషమో ఆమ్లమో ఎక్కించిన చేపలు చాలాసేపు మేతముట్టలేదు. ఆమ్లం ఎక్కినవి పెదవులను తొట్టి అడుగు గులకరాళ్ళకు రాసుకున్నాయి. దానికి ముందు ఏడాదే జేమ్స్ రోజ్, చేపకు మనలాంటి మెదడు పొర లేదు కనుక మనం బాధ అనేది దానికి ఉండదని వాదించాడు. ఆ వాదం తెగలేదు. తెగేదాకా నేను ఆ గులకరాళ్ళను మరిచిపోలేను.

మరొకటి. 1992లో కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ చేపలను తొట్టిలో అలసిపోయేదాకా తరిమి, కొన్నిటిని వెంటనే నీళ్ళలోనే వదిలారు, కొన్నిటిని 30 సెకన్లు, కొన్నిటిని 60 సెకన్లు గాలిలో ఉంచారు. 12 గంటల్లో మొదటివి నూటికి 12, రెండోవి 38, మూడోవి 72 చనిపోయాయి. ఇవి ప్రయోగశాల లెక్కలు. చల్లని నదిలో, జాగ్రత్తగా వదిలిన చేపలు ఇంతకన్నా చాలా మెరుగ్గా బతుకుతాయి. కానీ నాన్నకు చూపించడానికి, అంతకుముందు ఎన్నోసార్లు ఫొటో కోసం, నేను పైకెత్తి పట్టుకున్నది ఎన్ని సెకన్లు? పైగా చలికాలం. గాలి సున్నా కన్నా దిగువన ఉన్నప్పుడు నీళ్ళు ఓడుతున్న మొప్పలు గడ్డకట్టే ప్రమాదం ఉంది. నాన్న నాలుగు జెల్లలను చంపేవాడు, ఆ నాలుగూ ఆయనకు తెలుసు. నేను మంచిరోజున పదిహేను పట్టి పదిహేనూ వదులుతాను. వాటిలో ఏవి బతికాయో, ఏవి ఏ బండ కిందో వెల్లకిలా తేలాయో నాకు కనబడదు. నా మనశ్శాంతికి ఆధారం ఆ కనబడకపోవడమే.

స్విట్జర్లాండ్ వారైతే, వదిలెయ్యాలన్న ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల్లో నిషేధించారు. తినేట్టయితే పట్టు, లేకుంటే మానుకో. వాళ్ళ న్యాయం నాన్న ప్రశ్నకు దగ్గరగా ఉంది.

2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్షలు జరిగాయి. ఆ రోజుల్లో నేను సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. ఊరంతా ఎర్రటి వస్త్రాలే. ఒక సాయంత్రం ఘాటు దగ్గర నాన్న గాలం వేసి కూర్చుంటే ఒక యువభిక్షువు వచ్చి మెట్లమీద నిలబడ్డాడు. ఏమీ అనలేదు, ముఖం చిట్లించలేదు. బెండు వైపు చూస్తూ చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆయన కనుమరుగయ్యాక నాన్న గాలం చుట్టేశాడు. బుట్టలో అప్పటికి ఒక్కటే జెల్ల. 'ఆ అబ్బాయి చూస్తుంటే చేతులాడలేదురా' అన్నాడు. టిబెటన్ బౌద్ధులలో బజారులో ప్రాణంతో ఉన్న చేపలను కొని నీళ్ళలో వదిలే ఆచారం ఉందని తర్వాత చదివాను. వాళ్ళు ఇతరులు పట్టినవాటిని విడిపిస్తారు. మేము విడిపించడం కోసం మేమే పడతాము. రెండింటికీ 'వదలడం' అనే ఒకే మాట వాడుతున్నామని అప్పుడు తోచలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంత అపురూపంగా వదిలే ఈ చేప ఆ నదిది కానే కాదు. రెయిన్‌బో పసిఫిక్ తీరపు నదులది, బ్రౌన్ ట్రౌట్ ఐరోపాది. 19వ శతాబ్దంలో తెచ్చి వదిలారు. అక్కడి సొంత చేప కట్‌త్రోట్ వీటి ధాటికి ఎగువ వాగుల్లోకి తగ్గిపోయింది. (ఇలాంటి ముచ్చటతోనే మన నీలగిరులకూ బ్రిటిషువారు ట్రౌట్‌ను మోసుకొచ్చారు.) నదినీ ఆనకట్టే తయారుచేసింది. మా కృష్ణ మాత్రం? పైన సాగర్, 2013లో నీళ్ళు నిలిపిన పులిచింతల. కింద 1957 నాటి ప్రకాశం బ్యారేజి. సాగర్ కట్టకముందు వచ్చే వరద చేప వేరురా అంటాడు నాన్న. ఇప్పుడు గాలానికి ఎక్కువగా తగిలేది తిలాపియా. ఎక్కడి చేపో. దాన్ని ఆయన వదలడు, తినడు కూడా, పక్కింటి వాళ్ళకిస్తాడు.

నేను మానేశానా? లేదు. కొన్ని మార్చుకున్నాను. కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కేస్తాను. చేపను నీళ్ళలోనుంచి పైకెత్తను, ఫొటోలు లేవు. గాలి సున్నాకన్నా తగ్గితే ఇంట్లోనే ఉంటాను. బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో గులకల్లో పెట్టిన గుడ్లు చలికాలమంతా అక్కడే ఉంటాయి, కనుక శుభ్రంగా తుడిచినట్టున్న గులకల మీద కాలు పెట్టను. మూడు పడితే చుట్టేస్తాను. నాన్నకు నాలుగు, నాకు మూడు. ఇంతా చేసి దీన్ని దయ అనను. ఇది నా సరదా, దాని ఖర్చు చేపది.

పోయిన ఫిబ్రవరిలో ఇంకో అడుగు వేసి చూశాను. బ్రాసీ కొక్కేన్ని వంపు దగ్గర కత్తిరించేశాను. గుచ్చుకునే మొన లేదు, రాగి చుట్టిన చిన్న పుల్ల మాత్రమే. చేప దాన్ని నోట పెట్టుకుంటుంది, బొడిపె తటపటాయిస్తుంది, కర్ర ఎత్తితే జారిపోతుంది. అంటే నేను చేప కన్ను కప్పగలిగాను, దానికి గాయం లేదు, విద్య రుజువైంది. నాకు నిజంగా కావలసింది ఆ తటపటాయింపే అయితే అక్కడితో సరిపోవాలి. మధ్యాహ్నం ఎండ నీటిమీద పడ్డాక నుసుమలు పొగలా లేచాయి. ఆరుసార్లు తటపటాయించింది బొడిపె. ఆరుసార్లూ చేతికి ఏమీ తగలలేదు.

ఏడోసారికి పెట్టె తెరిచి, మొన ఉన్నదాన్ని కట్టాను.