ఆయుధం చవక కావచ్చు, ప్రాణం చవక కాదు

2025 మే నెలలో నాలుగు రోజులు టీవీల నిండా యుద్ధమే. రఫేల్ గొప్పదా, చైనా విమానం గొప్పదా అని స్టూడియోల్లో పెద్దమనుషులు గొంతులు చించుకున్నారు. ఎవురూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆకాశం నుంచి వచ్చే చావును నేలమీద నిలబడి ఆపినోడెవడు? దేంతో ఆపినాడు?

మే 8 రాత్రి 36 చోట్ల 300 నుంచి 400 దాకా డ్రోన్లు వచ్చాయని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. వాటిని కూల్చినవాటిలో ఎల్-70 ఫిరంగులున్నాయి. 1960ల నుంచి మన సైన్యంలో ఉన్న పాత బోఫోర్స్ ఫిరంగులవి. ప్రభుత్వ రంగంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) వాటికి కొత్త కెమెరాలు, కొత్త గురి యంత్రాలు బిగించింది. పాత ఒంటికి కొత్త కండ్లు!

ఇది కొత్త సంగతేం కాదు. 1999 మార్చి 27న సెర్బియాలో రాడార్‌కు అందదని అమెరికా గొప్పలు చెప్పుకున్న ఎఫ్-117 విమానాన్ని 1960ల నాటి సోవియట్ క్షిపణితో కూల్చేశారు. ఆ దళం రాడార్‌ను కొన్ని సెకన్లే వెలిగించేది. వెంటనే ఆర్పి, మూటాముల్లె సర్దుకొని ఇంకో చోటికి పోయేది. విమానం కూలకపోయినా, భయంతో ఎత్తుకు పోయిందంటే సగం గెలిచినట్టే. అంత ఎత్తు నుంచి దాని గురి తప్పొచ్చు.

ఇంకో లెక్క చూడండి. ఇరాన్ షాహెద్ డ్రోన్ ఖరీదు సుమారు 20 నుంచి 50 వేల డాలర్లు. దాన్ని కూల్చడానికి వాడే అమెరికా పేట్రియాట్ క్షిపణి సుమారు 40 లక్షల డాలర్లు. ఈగను కొట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టినట్టు! అందుకే ప్రపంచమంతా మళ్లీ చవక తుపాకుల దిక్కు చూస్తోంది.

చవక ఆయుధాలకు మేం వ్యతిరేకం కాదు. విదేశీ కంపెనీలకు ధారపోసే కోట్లు మిగిలితే అనంతపురం చెరువులకు నీళ్లొస్తాయి, హాస్టల్ పిల్లల కంచంలో గుడ్డు పడుతుంది. కానీ ఎల్-70 గుండు మూడు నాలుగు కిలోమీటర్లు దాటితే పనిచెయ్యదు. అంటే ఆయుధం చవకైన కొద్దీ దాని పక్కన నిలబడే మనిషి చావుకు దగ్గరవుతాడు. ఆ మనిషెవురు?

మే 9న జమ్మూ కశ్మీర్ సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్‌ది గోరంట్ల మండలం కల్లితండా. 2022లో జిల్లా చీలకముందు అది మన అనంతపురమే. తండా బిడ్డ, అగ్నివీరుడు. అగ్నివీర్ అంటే నాలుగేళ్ల కొలువు. నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. మిగిలినోళ్లకు పింఛను లేదు. తుపాకి ఖర్చు తగ్గించడం తెలివే. సిపాయి ఖర్చు తగ్గించడం మాత్రం మోసం.

అదే గోరంట్ల మండలం పాలసముద్రంలో బీఈఎల్‌కు 900 ఎకరాలకు పైగా ఇచ్చి, 2015లో శంకుస్థాపన చేశారు. క్షిపణి వ్యవస్థలు ఈడ్నే తయారవుతాయన్నారు. పదేళ్ల తర్వాత 2025లో కూడా పెట్టుబడి ప్రకటనలే వినబడ్డాయి. ప్రాణమిచ్చే బిడ్డ ఆ మండలం నుంచి సరిహద్దుకు పోయినంత తొందరగా, పనిచ్చే ఫ్యాక్టరీ మాత్రం ఆ మండలానికి రాలేదు.

సైన్యం మన జాతులకు కొత్త కాదు. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సుబేదారు. అవసరం తీరినాక 1892లో మహార్ల భర్తీ ఆపేసింది తెల్లదొర. అంబేద్కర్ పట్టుపట్టాక 1941లో మహార్ రెజిమెంటు లేచింది. అవసరానికి పిలవడం, తీరినాక తరిమెయ్యడం అప్పుడూ ఇప్పుడూ అదే రివాజు. ఇప్పుడు ఆయుధాల తయారీని ప్రైవేటుకు అప్పజెబుతున్నారు. ప్రభుత్వ రంగంలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం ఉంది. ప్రైవేటు గేటు కాడ ఆ రోస్టరు చెల్లదు. సరిహద్దులో చావడానికి పనికొచ్చిన మనం, రాడార్ బిగించడానికి ఎట్లా పనికిరాకుండా పోయాం?

అందుకే మేం అడుగుతున్నాం. పాలసముద్రం ఫ్యాక్టరీని తొందరగా కట్టాల. అందులో కాంట్రాక్టు పనిదాకా రిజర్వేషన్ అమలు చెయ్యాల. బండల పొడి మింగుతున్న తాడిపత్రి పేటల పిల్లలకు ఎలక్ట్రానిక్స్ శిక్షణ ఇవ్వాల. దేశరక్షణ సొమ్ము తీసుకునే ప్రైవేటు కంపెనీలూ రిజర్వేషన్ పాటించాల. అగ్నివీరులకు పూర్తికాలం కొలువు, పింఛను ఇవ్వాల.

యువకులారా, ఫిరంగి పక్కన నిలబడింది మనమే. ఇంక దాన్ని తయారుచేసే కాడా, ఎప్పుడు పేల్చాలో నిర్ణయించే కాడా మనముండాల. అడుక్కుంటే ఇయ్యరు, సంఘటితమై సాధించుకోవాల.

జై భీమ్!