పౌనుకి ఎన్ని గంటలు?

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లో, గొడ్డుమాంసాన్ని ఓక్ కట్టెల పొగమీద గంటల తరబడి నిదానంగా వండుతారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళలోనూ కొందరు పెరట్లో స్మోకర్ పెట్టుకున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ముందుగా అడిగేది, "ఎముక లేని రిబ్స్‌కి పౌనుకి ఎన్ని గంటలు?" అని. "గంటన్నర" అని ఎవరో ఒకరు ఠక్కున చెప్పేస్తారు. ఎందుకని మాత్రం ఎవరూ అడగరు.

ఆ లెక్కని కాస్త పరీక్షించి చూద్దాం. రెండు పౌన్ల ముక్క పక్కన అలాంటిదే ఇంకోటి పెడితే బరువు రెట్టింపవుతుంది. మరి సమయం కూడా రెట్టింపవుతుందా? కాదు కదా! వేడి ముక్క మధ్యకి చేరడానికి పట్టే సమయం మందాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే ఆ సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. పైగా "ఎముక లేని రిబ్స్" పేరుతో అమ్మేది చాలాసార్లు పక్కటెముకల మాంసమే కాదు, చక్ అనే భుజం భాగంలోంచి కోసిన ముక్కలు. ఒకే ప్యాకెట్లో ఒకటి అంగుళం మందం, ఇంకోటి రెండంగుళాలు ఉండొచ్చు.

ఇంకో చిక్కుంది. మాంసం లోపలి వేడి 65-75 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొచ్చి గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. దీన్ని "స్టాల్" అంటారు. కొల్లాజెన్ కరగడానికే వేడంతా ఖర్చయిపోతోందని చాలాకాలం చెప్పుకున్నారు. గ్రెగ్ బ్లాండర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఒక నీళ్ళలో తడిపిన స్పాంజినీ, ఒక కొవ్వుముద్దనీ పొగలో పెట్టి చూశాడు. కొవ్వు ఆగకుండా వేడెక్కింది, స్పాంజి ఆగిపోయింది. స్పాంజిలో కొల్లాజెన్ ఎక్కడిది? ఇది మన మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. పైన ఆవిరయ్యే తేమ వేడిని పట్టుకుపోతుంది. అందుకే రేకుకాగితంలో చుట్టేస్తే స్టాల్ తొందరగా దాటుతుంది. పైపొర కాస్త మెత్తబడుతుంది, అది మీ ఇష్టం.

అయితే అంచనా వేయకూడదా? వేయాలి. రెండంగుళాల ముక్కలకి, స్మోకర్ 110-120 డిగ్రీల్లో ఉంటే, 4 నుంచి 6 గంటలు అనుకోవచ్చు. రెండు గంటల తేడా ఉందేమిటని కొందరు విసుక్కుంటారు. ఖచ్చితమైన అంకె చెప్పినవాడికే ఎక్కువ తెలుసనుకోవడం మనకి అలవాటు, ముహూర్తాల దగ్గర చూస్తున్నదే.

మా అమ్మ అరిసెల పాకానికి ఎన్ని నిమిషాలో ఎప్పుడూ చెప్పలేదు. నీళ్ళలో ఒక చుక్క వేసి, ఉండ కడుతోందో లేదో చూసేది. ఇక్కడా అంతే. థర్మామీటర్ 93-96 డిగ్రీలు చూపించాక పుల్ల గుచ్చండి. అడ్డు లేకుండా దిగితే అయినట్టు. 63 డిగ్రీలు దాటి కాసేపు ఉంచితే తినడానికి ప్రమాదం లేదు గానీ, ఈ ముక్కలు అప్పటికి మెత్తబడవు, నమలలేక చస్తాం. కొల్లాజెన్ జెలటిన్‌గా మారడానికి ఇంకా వేడి, ఇంకా సమయం కావాలి.

కాబట్టి రాత్రి 8కి భోజనమైతే మధ్యాహ్నం 1కే మొదలుపెట్టండి. ముందే అయిపోతే రేకులో చుట్టి, తువ్వాళ్ళు కప్పి, ఐసు వేయని ఐస్‌బాక్సులో ఉంచండి. 60 డిగ్రీలకి తగ్గకుండా చూసుకుంటే రెండు గంటలైనా బాగానే ఉంటుంది.