నీళ్ల పీపాలు, కాకి లెక్కలు

2012 జూలైలో కెనడా దేశం క్విబెక్ రాష్ట్రంలో ఒక గిడ్డంగి తనిఖీ జరిగింది. పీపాలు వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. పుస్తకంలో సరుకు ఉంది, పీపాల సంఖ్యా సరిపోతోంది. తనిఖీకి వెళ్లిన మనిషి ఆ పేర్పు మీదికి ఎక్కబోతే కాలికింద పీపా ఊగింది. బరువు లేదు. అది ఖాళీ పీపా. మరికొన్ని మూతలు తీసి చూస్తే లోపల నీళ్లు! 2011, 2012 సంవత్సరాల్లో నెలల తరబడి దొంగలు సరుకు తోడుకుపోయి, పీపాల్లో నీళ్లు నింపి మళ్లీ యథాస్థానంలో పెట్టారు. పోయింది దాదాపు 3 వేల టన్నులు. విలువ సుమారు కోటీ 80 లక్షల కెనడా డాలర్లు. సంగతి బయటపడేదాకా అదంతా పుస్తకాల్లో నిల్వగానే ఉంది.

ఆ సరుకు మేపుల్ పాకం. ఎక్కడో మంచుదేశపు పాకం గోల మన వ్యవసాయ కూలీలకు ఎందుకని కొందరు అడగవచ్చు. పంట లెక్క ఎవరు రాస్తారు, ఎవరి మాట విని రాస్తారు, ఆ లెక్క చివరికి ఎవరి జేబు నింపుతుంది అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే. అందుకే మేము ఈ విషయం ఎత్తుకున్నాం.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. మన గీత కార్మికుడు తాటిచెట్టుకు లొట్టి కట్టినట్టే, అక్కడివాళ్లు మేపుల్ చెట్టు మొదట్లో చిన్న రంధ్రం తొలిచి గొట్టం దిగ్గొడతారు. చలికాలం వెళ్లే రోజుల్లో, రాత్రి మంచు గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాల్లోనే చెట్టు రసం కారుతుంది. దాన్ని బెల్లం కాచినట్టు పెనాల మీద కాస్తారు. 40 లీటర్ల రసం మరిగితే ఒక లీటరు పాకం. రసంలో తీపి కాస్త తగ్గిందా, 50 లీటర్లు కాచినా లీటరు రాదు. ఈ విద్యను తెల్లవాళ్లకు నేర్పింది ఆ నేల మీది ఆదివాసులే.

ఇన్ని రంధ్రాలు ఉన్నాయి కాబట్టి ఇంత పాకం వచ్చి ఉంటుందని కుర్చీలో కూర్చుని చెప్పడానికి వీల్లేని పంట ఇది. క్విబెక్ లెక్కలే చూడండి. 2022లో 21 కోట్ల 10 లక్షల పౌన్లు. 2023లో 12 కోట్ల 40 లక్షలకు పడిపోయింది. 2024లో 23 కోట్ల 90 లక్షలకు ఎగిరింది. (పౌను అంటే అరకిలోకు కాస్త తక్కువ.) చెట్లు అవే, మనుషులు వాళ్లే. మారింది వాతావరణం.

మరి లెక్క ఎలా కడుతున్నారు? అమెరికాలో వెర్మాంట్ వగైరా రాష్ట్రాల్లో సీజను ముగిశాక ప్రభుత్వ వ్యవసాయశాఖ ఉత్పత్తిదారులకు ప్రశ్నపత్రం పంపుతుంది. ఈ ఏటేటి సర్వేకు జవాబు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. చెప్పినవాళ్ల మాటను బట్టి చెప్పనివాళ్ల పంటను అంచనా వేస్తారు. ఏడాదికి వెయ్యి డాలర్ల సరుకైనా అమ్మే పాటి లేని చోటును అసలు వ్యవసాయ క్షేత్రంగానే లెక్కించరు. పెరట్లో నాలుగు చెట్లకు గొట్టం పెట్టుకున్న పేదవాడి పాకం పాకం కాదన్నమాట! అంచనా వేయడంలో తప్పు లేదు. అంచనా అని ఒప్పుకుని వేసిన అంకెను మర్నాడు వ్యాపారులు కాటా వేసిన సరుకులాగా చెలామణీ చేయడంలో ఉంది తప్పు.

క్విబెక్ పద్ధతి ఇంతకంటె గట్టిదని మేము ఒప్పుకోవాలి. అక్కడి ఉత్పత్తిదారులు 1966లోనే సంఘం కట్టుకున్నారు. టోకు సరుకంతా ఆ సమాఖ్య ద్వారానే అమ్మాలి. ప్రతి పీపా తూకం వేసి, నాణ్యత చూసి, రకం కడతారు. కొనే కంపెనీలతో ధర ఉమ్మడిగా బేరం ఆడతారు. పంట విరగకాసిన ఏడు ధర కూలిపోకుండా 2000 నుంచి ఉమ్మడి నిల్వ పెట్టుకున్నారు. 2004 నుంచి ఒక్కొక్కరికి ఇంత అని కోటా కూడా ఉంది. 2021లో పంట దెబ్బతింటే ఆ నిల్వలో దాదాపు సగం, 5 కోట్ల పౌన్లు, బయటికి తీశారు. విడివిడిగా ఉన్న రైతుకు ఇది సాధ్యమయ్యే పనేనా?

అయినా ఆ లెక్కకూ చిల్లులున్నాయి. రైతు తన ఇంటి దగ్గర 5 లీటర్ల లోపు డబ్బాల్లో నేరుగా అమ్ముకునే పాకం ఈ కాటా ఎక్కదు. అది ఎంతన్నది నోటిమాట లెక్కే. కోటా, సమాఖ్య పెత్తనం తమ గొంతు నొక్కుతున్నాయని కొందరు ఉత్పత్తిదారులు సరుకును గుట్టుగా పక్క రాష్ట్రం న్యూబ్రన్స్విక్ వ్యాపారులకు తోలారు. కేసులు కోర్టులకెక్కాయి. ఆ సరుకు ఏ పట్టికలో ఎక్కాలి? ఇక గిడ్డంగి కథ చెప్పుకున్నాం. పీపాలు లెక్కపెట్టారు గాని మూత తీయలేదు.

లెక్క తప్పితే దెబ్బ ఎవరికి? నిల్వ దండిగా ఉందని కాగితం చెబితే కొనే కంపెనీ ధర దించమంటుంది. లేదని చెబితే ఇంకా చెట్లు తొలవమనే ఒత్తిడి వస్తుంది. 2021లో 70 లక్షల కొత్త రంధ్రాలకు అనుమతి ఇచ్చారు. 2024 మొదట్లో నిల్వ 70 లక్షల పౌన్ల లోపుకు దిగజారింది, 16 ఏళ్లలో ఎన్నడూ లేనంత తక్కువ. ఇలాంటి నిర్ణయాలన్నీ అంకెల మీద ఆధారపడినవే. అంకెలో నీళ్లు కలిస్తే పెట్టుబడి అప్పు తెచ్చుకున్న చిన్న ఉత్పత్తిదారుడే మునుగుతాడు. పెద్ద కంపెనీకి సొంత గిడ్డంగులున్నాయి, సొంత లెక్కలవాళ్లున్నారు.

ఇంకొక మాట. ఆ వార్షిక పట్టికల్లో రంధ్రాలెన్నో ఉంటుంది, సరుకెంతో, ధరెంతో, విలువెంతో ఉంటుంది. మంచులో మోకాలిలోతు దిగబడుతూ గొట్టాలు సరిచేసినవాడి పని గంటల గడి మాత్రం ఉండదు. గ్వాటెమాలా, మెక్సికో నుంచి సీజనుకు వచ్చి పోయే కూలీలు క్విబెక్ వ్యవసాయంలో వేలమంది ఉన్నారు. మేపుల్ తోటల్లోనూ ఉన్నారు. ఇంటి ఆడవాళ్లు రాత్రంతా పెనం దగ్గర కూర్చున్న కష్టం సరేసరి. పాకం లెక్కలో వీళ్లెవరూ లేరు.

మనకిది కొత్త సంగతా? కౌలు రైతు దున్నుతాడు, పంట అడంగల్లో భూయజమాని పేర ఎక్కుతుంది. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మరో చట్టం వచ్చి, యజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టే యజమానులు ఎందరో పల్లెల్లో తిరిగేవాళ్లకు తెలుసు. కార్డు లేనివాడికి నష్టపరిహారం లేదు, బ్యాంకు అప్పు లేదు. పొలంలో ఉన్న మనిషి కాగితంలో లేడు. క్విబెక్ గిడ్డంగిలో కాగితం మీద ఉన్న పాకం పీపాలో లేదు. రెండూ ఒకే జబ్బు.

మందు కూడా ఒకటే. లెక్క రాసేటప్పుడు పండించినవాడూ, కూలి చేసినవాడూ ఎదురుగా ఉండాలి. తూచిందెంతో, అంచనా ఎంతో వేరువేరుగా ప్రకటించాలి. నిల్వను పీపాల సంఖ్యతో కాక మూత తీసి చూసి ధ్రువపరచాలి. చిన్నవాడి సరుకు చిన్నదని కొట్టేయకూడదు. కూలి గంటలకూ ఒక గడి ఉండాలి. లెక్కలు అధికారుల పని, మనకెందుకులే అని కార్యకర్తలు ఊరుకుంటే కాకి లెక్కలే రాజ్యమేలతాయి.

ఈసారి మీ ఊళ్లో పంట నమోదు జరిగే రోజున నలుగురు కలిసి వెళ్లండి. రాసింది పైకి చదివించండి. ఎవరి పేరు రాశారో, ఎన్ని ఎకరాలు రాశారో అక్కడే అడగండి. పీపా ఊగేదాకా ఆగనక్కరలేదు.