గిన్నె తెచ్చారా?

ఆదివారం పొద్దున్నే విస్సన్నపేట బస్టాండు వైపు వెళితే టిఫిన్ హోటళ్ల ముందు తినేవాళ్ల కంటే పార్సిల్ కోసం నిలబడ్డవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మొన్న ఆ గుంపులో నేనూ ఒకణ్ని. ఇంటికి చుట్టాలొచ్చారు. రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక పెసరట్టు కట్టించుకొచ్చాను. విప్పాక లెక్కపెడితే కవర్లు ఏడు! సాంబారుకి రెండు, పల్లీ చట్నీకి రెండు, అల్లప్పచ్చడికి ఒకటి, పెసరట్టు కింద పరిచినదొకటి, వీటన్నిటినీ మోసుకొచ్చినదొకటి. టిఫిన్ పది నిమిషాల్లో అయిపోయింది. కవర్లు మాత్రం మా మనవరాలి మనవళ్ల కాలానికీ ఉంటాయి.

మా చిన్నప్పుడు సాంబారుకి గిన్నె తీసుకెళ్లకపోతే హోటలాయన "గిన్నేదిరా అబ్బాయ్?" అని వెనక్కి పంపేవాడు. అది పర్యావరణ పరిరక్షణ అని ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు.

చట్టం లేదా అంటే ఉంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు నిషేధం. ఆ ఏడాది చివరి నుంచి ప్లాస్టిక్ చేతిసంచులు 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదన్నారు. టీ కొట్లలో కాగితం కప్పులొచ్చాయి కదా అని మురిసిపోకండి. వాటి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో పరీక్షించి చూస్తే, అలాంటి కప్పులో పోసిన 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి పావుగంటలో 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరాయట. ఇక పొగలు కక్కే సాంబారును కవర్లో పోసి ముడేసి పిల్లలకు తెచ్చిపెడుతున్న మనల్ని మనం ఏమనుకోవాలి?

హోటలాయన్ని అడిగాను. "కవర్లు కొనడం మాకేమైనా సరదానా మాస్టారూ? నేనివ్వనంటే పక్క హోటలుకి పోతారు" అన్నాడు. ఆ మాటలో నిజముంది. ఒక్కడు మానేస్తే నష్టం ఆ ఒక్కడికే. ఊళ్లోని హోటళ్లవాళ్లంతా పంచాయతీ సమక్షంలో కూర్చుని ఒకే రోజు మానేస్తే ఎవరి బేరం ఎక్కడికీ పోదు. ఆ సమావేశానికి పారిశుధ్య కార్మికులను కూడా పిలవాలి. తెల్లవారకముందే కాలవలో చెయ్యిపెట్టి మన కవర్లు లాగేది వాళ్లే. ఇంతవరకు వాళ్లనెవరూ ఒక్క మాట అడగలేదు.

మరి మనలాంటి ఖాతాదారుల సంగతి? ముంబైలో విఠల్ కామత్‌గారిది శాకాహార హోటళ్ల కుటుంబం. ఆయన 1990ల్లో పెట్టిన ఆర్కిడ్ అనే అయిదు నక్షత్రాల హోటలు పర్యావరణహిత హోటలుగా పేరు తెచ్చుకుంది. ఇడ్లీ అమ్మే ఇంటి నుంచే అంత పని జరిగిందన్నమాట. అయితే ఇలాంటి పనులకు అతిథి కూడా కలిసిరావాలి. అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక హోటలు గదుల్లో రెండు రకాల చీటీలు పెట్టి, 2008లో ఫలితాలు ప్రచురించారు. "పర్యావరణాన్ని కాపాడండి, తువాలు మళ్లీ వాడండి" అన్న చీటీకి నూటికి 35 మంది స్పందించారు. "ఇక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది తువాలు మళ్లీ వాడుతున్నారు" అన్నదానికి 44 మంది! నీతి చెబితే వినని మనిషి, పక్కవాడు చేస్తున్నాడంటే చేస్తాడు. మన పెళ్లిళ్లలో చూడటంలేదూ?

అందుకే గల్లాపెట్టె పక్కన ఒక పలక పెట్టమన్నాను. "ఈ రోజు గిన్నె తెచ్చుకున్నవారు ఇంతమంది" అని సుద్దముక్కతో రాస్తే చాలు, ఖర్చేమీ లేదు. ఆయన నవ్వి, "మొదటి అంకె మీరే వేయించండి" అన్నాడు.

ఈ ఆదివారం మా ఆవిడ అటక మీంచి పాత స్టీలు క్యారేజీ దింపి, చింతపండుతో తోమి ఇచ్చింది. నాలుగు గిన్నెల్లో ఒకదానికి మూత సరిగ్గా పట్టడంలేదు. అందులో ఇడ్లీ పెట్టించుకున్నాను. పలక మీద 1 పడింది. నేను బండి తీస్తుండగా వెనకాల ఎవరో కుర్రాడు "రేపట్నించి గిన్నె తెస్తే చట్నీ ఎక్కువేస్తారా?" అని అడుగుతున్నాడు.