జేబు తుపాకి ఎవురి జేబుకి?

చేతిసంచీలో పట్టే తుపాకి ఉంటే ఆడబిడ్డకి భయముండదని కొందరు చెప్తా ఉండారు. సరే, లెక్క చూద్దాం.

ఢిల్లీ నిర్భయ ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ రివాల్వర్ తెచ్చింది. ఆడవాళ్ల కోసమే అన్నారు. .32 బోరు, బరువు అరకిలో. అప్పట్లో ధర లక్షా 22 వేలు! అల్లూరులో నాట్లకి పొయ్యే మనిషి, రొయ్యల గుంటల కాడ కూలి చేసే మనిషి ఎన్నేళ్లు కడుపు కట్టుకుంటే అంత వస్తాది?

డబ్బుంటే చాలదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాల, దానికి పోలీసు విచారణ. ఆ మెట్లు ఎక్కేది పలుకుబడి ఉండేవోళ్లే. 2019 సవరణలో ఒక మనిషికి మూడు తుపాకులుండేదాన్ని రెండుకి తగ్గించారు, అది మంచిదే. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నించి అయిదేళ్లకి పెంచారు.

కొన్నామే అనుకో. గొట్టం పొట్టిదయ్యే కొద్దీ గురి కుదరదు, సాధన కావాల. ఎక్కడ చేస్తాది? మీద పడేవోడు తెలిసినోడే అయితే, ఇంట్లోవోడే అయితే, ఆ తుపాకి ముందు ఎవురి చేతికి పోతాదో చెప్పండి.

1992లో మన జిల్లా దూబగుంట ఆడోళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకోని సారా అంగళ్ల మీదికి పొయ్యారు. ఒక్కతే పోలా, ఊరంతా పొయ్యారు. 1993 అక్టోబరుకి సారా నిషేధం వచ్చింది.

గుంటల కాడ నించి చీకట్లో వచ్చే దారికి లైట్లు, స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే ఆడ పోలీసు. తుపాకి అర్జీలు చూసే కలెక్టరాఫీసుకే ఈ అర్జీ కూడా పోవాల, వంద వేలిముద్రలతో.