ఏడడుగుల పొడవు లేనివాళ్ళ సంగతి

కష్టపడితే పేదవాడైనా పైకొస్తాడని చెప్పడానికి మన వార్షికోత్సవ సభల్లో వక్తలు క్రీడాకారుల పేర్లు చెబుతుంటారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు యానిస్ ఆంటెటోకౌంపో కథ అందుకు సరిగ్గా సరిపోతుంది. మేము మాత్రం దాన్ని మరోలా చదివాం.

అతని తల్లిదండ్రులు నైజీరియా నుంచి బతుకుదెరువు కోసం గ్రీసు వెళ్ళారు. యానిస్ 1994లో ఏథెన్స్‌లో పుట్టాడు. వీధుల్లో వాచీలు, కళ్ళజోళ్ళు అమ్మాడు. అన్న థనాసిస్‌తో ఒకే జత బూట్లు పంచుకుని ఆడాడు. (ఇద్దరికొక దుప్పటితో చలికాలం గడిపిన మనకు ఇది వింతేమీ కాదు.) స్పిరోస్ వెలినియాటిస్ అనే కోచ్ కంటబడటంతో ఫిలాథ్లిటికోస్ అనే చిన్న క్లబ్బులో చేరాడు. 2013లో అమెరికాలోని మిల్వాకీ బక్స్ జట్టు ఎన్.బి.ఏ. డ్రాఫ్టులో 15వ ఎంపికగా తీసుకుంది. 2019, 2020లలో లీగ్‌లోకెల్లా అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2021 ఫైనల్స్ ఆరో ఆటలో ఒక్కడే 50 పాయింట్లు చేసి, 50 ఏళ్ళ తర్వాత ఆ జట్టుకు టైటిల్ తెచ్చాడు.

మమ్మల్ని ఆపింది టైటిల్ కాదు, కాగితం. పద్దెనిమిదేళ్ళు నిండినా ఆ కుర్రాడు ఏ దేశానికీ చెందడు! పుట్టినంత మాత్రాన గ్రీసులో పౌరసత్వం రాదు. 2013 మే నెలలో, డ్రాఫ్టుకు కొద్ది వారాల ముందు, అతనికి పౌరసత్వం ఇచ్చారు. వలసవచ్చినవారి పిల్లల కోసం 2010లో చేసిన చట్టాన్ని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది కూడా ఆ ఏడాదే. కొత్త చట్టం 2015లో గానీ రాలేదు. దాదాపు ఏడడుగుల పొడవున్నవాడికి దొరికిన కాగితం కోసం, అతని ఈడు మామూలు పిల్లలు ఎదురుచూస్తూనే ఉన్నారు. వాళ్ళు మాత్రం కష్టపడలేదా?

కుల ధ్రువీకరణ పత్రం కోసం మండలాఫీసు మెట్ల మీద రోజులకు రోజులు కూర్చుని, స్కాలర్‌షిప్ గడువు పోగొట్టుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. మేము ఏ ఆటలోనూ పేరు తెచ్చుకోలేదు కాబట్టి ఏ అధికారీ కుర్చీలోంచి లేవలేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలు ఏటా షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. మా మనవి ఒక్కటే. ఈసారి షీల్డుల డబ్బుతో గాలి నిలిచే బంతులు రెండు కొనండి. నెలకొక ఆదివారం వచ్చి తమ్ముళ్ళ దరఖాస్తులు నింపిపెట్టండి, సోమవారం వాళ్ళ వెంట ఆఫీసు దాకా నడవండి. మొదటి నెల మేము వస్తాం.